వాగు ఒడ్డున పదకొండు మంది

మా అమ్మాయిని బడి మాన్పించిన రోజున మా అత్తయ్య భోజనం మానేసింది. ఒక పూటే అనుకోండి. కానీ ముప్ఫై రెండేళ్ళు బడిలో పనిచేసి, అందులో పద్నాలుగేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, సొంత మనవరాలు మూడో తరగతిలో బడి మానేస్తే ఊరుకుంటుందని నేనూ అనుకోలేదు.

అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అందరం గువ్వ అని పిలిచేవాళ్ళం. ఇంట్లో ఉన్నంతసేపూ దాని నోటికి తాళం పడేది కాదు. గుమ్మం దాటితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పొగరు కాదు, మొండితనం అంతకన్నా కాదు. మాట గొంతు దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. డాక్టరు దానికేదో పేరు చెప్పి, భయపెట్టొద్దు, బలవంతం చెయ్యొద్దు అని పంపించాడు. క్లాసు టీచరు మాత్రం దాన్ని బల్ల ఎక్కించి, నీ పేరు పైకి చెప్పేదాకా దిగడానికి వీల్లేదంది. గంటన్నర నిలబడింది. బల్ల మీదే బట్టలు తడుపుకుంది. పేరు మాత్రం చెప్పలేదు.

ఆ తడి గౌను సంచిలో పెట్టి ఇచ్చారు. ఆ సంచి పట్టుకుని ఇంటికి నడుస్తున్నప్పుడే నేను నిశ్చయించుకున్నాను.

"బడి వద్దంటే ఏం చేస్తావు? అడవిలో వదిలేస్తావా?" అంది అత్తయ్య.

"వదిలేయడం కాదత్తయ్యా. ఎనిమిది కుటుంబాల వాళ్ళు కలిసి నడుపుకుంటున్నారు, మనం చేరితే తొమ్మిది. వారానికి నాలుగు రోజులు పిల్లల్ని కొండ కింద అడవికి తీసుకెళ్తారు. రోజుకి ఇద్దరు తల్లిదండ్రులు వంతులవారీగా కాపలా ఉంటారు. అందరినీ చూసుకోవడానికి ఒకావిడ ఉంది."

"టీచరా?"

"కాదు. ఇదివరకు భూములు కొలిచే సర్వేయరు."

"భేషుగ్గా ఉంది. పలక పట్టుకోవాల్సిన చోట కొలత గొలుసు పట్టుకుంటారన్నమాట."

మా ఆయన బస్ డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో పొద్దుట్నుంచీ రాసుకునే మనిషి, ఇంట్లో గొడవలకి మాత్రం ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవారు. ఆ రోజు కూడా అంతా విని, చివర్లో గొంతు సవరించుకున్నారు.

"వానాకాలం ఒక్కటీ చూద్దాం. వానలు వెలిసేసరికి కుదరలేదంటే మళ్ళీ బడే. సరేనా?"

"ఆ హెడ్‌మాస్టరు నా చేతికింద పనిచేసినవాడే" అంది అత్తయ్య. "సీటు అట్టే ఉంచమని చెప్తాను. మీ ముచ్చట తీరాక చేర్చుకుంటాడు."

తలుపు చాటు నుంచి గువ్వ తొంగిచూసింది. "అమ్మా, అక్కడ పేరడుగుతారా?"

"తెలీదే" అన్నాను. నిజంగానే తెలీదు.

*

అడగలేదు. మొదటి రోజు సన్నగా తుంపర పడుతోంది. రోడ్డు చివర బస్సు దిగి కాలిబాట పట్టుకుని వెళ్తే, చెట్ల మధ్య టార్పాలిన్ కట్టి ఉంది. మగవాళ్ళ టోపీ పెట్టుకుని మెడలో ఈల వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చింది. యాభై దాటి ఉంటాయి. అందరూ సర్వేయరమ్మ అంటారు. ఆవిడ వంగి గువ్వ మొహం వైపు కాదు, కాళ్ళ వైపు చూసింది.

"ఈ బూట్లు బిగుతుగా ఉన్నాయి. రేపు ఒక సైజు పెద్దవి తెండి, లోపల మందపాటి మేజోళ్ళు వెయ్యండి."

అంతే. గువ్వ తన బూట్ల వంక కొత్తగా చూసుకుంది. సర్వేయరమ్మ దాని మెడలో ఒక చిన్న ఈల వేసి నన్ను పక్కకి పిలిచింది.

"ఇక్కడ జాగ్రత్త, జాగ్రత్త అని ఊరికే అరవకూడదండీ. ఏది చూసుకోవాలో చెప్పాలి. ఆ రాయి నున్నగా ఉంది అనండి, పిల్లకి పనికొస్తుంది. రెండోది, మీ అమ్మాయిని మాట్లాడించాలని చూడకండి. ఎప్పుడైనా మాట్లాడిందే అనుకోండి, పండగ చెయ్యకండి. ఇక మూడోది లెక్క. అరగంటకోసారి, చోటు మారినప్పుడల్లా తప్పనిసరిగా. ముందున్నవాళ్ళు లెక్కపెట్టి అంకె పైకి చెప్పాలి. వెనకున్నవాళ్ళు మళ్ళీ లెక్కపెట్టి చెప్పాలి. మిగతావన్నీ మర్చిపోయినా నేనేమీ అనను. ఇది మర్చిపోతే మాత్రం ఊరుకోను."

గువ్వతో కలిపి పదకొండు మంది పిల్లలు, కొండ మీంచి దిగే ఒక వాగు, దాని ఒడ్డున పాతిన గీతల కర్ర. నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో పూటపూటకీ ఆ కర్ర మీద చూసి పుస్తకంలో రాసేవాళ్ళు. పెద్ద పిల్లలు ముడులేసిన తాడుతో చెట్ల చుట్టుకొలత తీసేవాళ్ళు. చిన్నవాళ్ళు బురదలో పొర్లేవాళ్ళు. మా గువ్వ తొమ్మిది రోజులు, వీపు మీద సంచి కూడా దించకుండా, ఒకే చెట్టు కింద నిలబడింది.

పదో రోజున దాని దగ్గరకి బుడంకాయ వచ్చింది. బుడంకాయ అంటే వడ్రంగి గారి చిన్నమ్మాయి. ఐదేళ్ళు, ఎర్ర రెయిన్‌కోటు, నోరు విప్పితే ఆపడం ఎవరి తరమూ కాదు. గువ్వని పైనుంచి కిందకి ఒకసారి చూసి, అందరికీ వినపడేలా చెప్పేసింది.

"ఈ అక్క మాట్లాడదు. నేను మాట్లాడతాను, అక్క వింటుంది. సరిపోతుంది."

గువ్వ సంచి దించింది.

అప్పట్నుంచి ఇద్దరూ నత్తల వేటలో పడ్డారు. మూతకి చిల్లులు పెట్టిన డబ్బా ఒకటి, అందులో ఆకులు, ఆకుల మీద నత్తలు. బుడంకాయని పిలవాలంటే గువ్వ అరచేతిని నడుము దగ్గర అడ్డంగా పట్టి చూపించేది, ఇంత పొడుగు పిల్ల అని. మిగతా పిల్లలకి కూడా ఆ సైగ వారంలో వచ్చేసింది.

ఇంటికొచ్చాక అత్తయ్య రోజూ పరీక్ష పెట్టేది. ఎక్కాలు, డిక్టేషన్, భిన్నాలు. గువ్వ అన్నీ టకటకా చెప్పేది. తప్పు దొరక్క అత్తయ్య "ఆ కాళ్ళేంటి, ఆ బురదేంటి" అని విసుక్కునేది.

నా సంగతే బాగాలేదు. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పరిచి, పన్ను పక్కన పన్ను నిలబెట్టే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా నోరు మూతపడదు. వంతుకి వెళ్ళడానికి వారంలో ఒక రోజు సెలవు తీసుకుని ఆదివారాలు చేసేదాన్ని. మిగతా రోజుల్లో గువ్వ ఏం చేస్తోందో, ఏ రాయి ఎక్కుతోందో అని మనసు ముళ్ళ మీద ఉండేది. మా యజమాని ఒకసారి నేను చేసిన పలువరుస పైకెత్తి చూసి, "ఇది ఎవరి నోటికమ్మా? గుర్రానికా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మైనం కరిగించి మళ్ళీ మొదలుపెట్టాను.

నాలుగో వారంలో సర్వేయరమ్మ నాతో, "ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి" అంది. "మీరు వంతుకొచ్చిన రోజున మీ అమ్మాయి తక్కువ కదులుతుంది. మీరు కళ్ళలో వత్తులేసుకుని ఆ ఒక్క పిల్లనే కాపలా కాస్తున్నారు. ఇక్కడ పదకొండు మంది ఉన్నారు."

"మిగతావాళ్ళకి నోరుందండీ" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆవిడ టోపీ సర్దుకుని వాగు వైపు వెళ్ళిపోయింది.

*

ఆరో వారం, మంగళవారం. వంతు నాదీ, పోస్ట్‌మ్యాన్‌దీ. ఆయనకి భార్య లేదు. పదేళ్ళ కూతురు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పిల్లలకి మాత్రం ఆయన వచ్చాడంటే ప్రాణం లేచొచ్చేది, తాడుతో రకరకాల ముడులు నేర్పేవాడు.

మా దగ్గర చినుకు లేదు. కొండ మీద మాత్రం ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి సర్వేయరమ్మ వాగు దగ్గరకి వెళ్ళి కర్ర చూసింది. పొద్దున రెండో గీత దగ్గరున్న నీళ్ళు నాలుగో గీతకి వచ్చాయి. రంగు మారి, ఎర్రగా, పుల్లల్ని మోసుకొస్తున్నాయి. ఆవిడ ఈల పొడుగ్గా ఊదింది. ఉన్నపళంగా సర్దుకుని పైన బండ మీదకి వెళ్ళాలని దానర్థం. దారి చూడ్డానికి ఆవిడ ముందే పైకి వెళ్ళింది.

పిల్లల ముందు నేను నడిచాను. వెనక పోస్ట్‌మ్యాన్. ఒక పాపకి కాలిలో ముల్లు గుచ్చుకుంటే ఆయన ఆ పాపని వీపు మీద ఎక్కించుకున్నాడు. నున్నటి రాళ్ళ మెట్టు దగ్గర ఆగి పిల్లల్ని ఒక్కొక్కరినే ఎక్కించాలి.

"ఎంతమందండీ?" అని ఆయన కిందనుంచి అడిగాడు.

సరిగ్గా అప్పుడు గువ్వ ఆ మెట్టు ఎక్కుతోంది. ఎక్కుతూ కాలు జారి, పడకుండా నిలదొక్కుకుని, వెనకున్న పిల్లవైపు చూసి నవ్వింది. మామూలు నవ్వు కాదు, శబ్దంతో నవ్వింది. ఇంటి బయట అది అలా నవ్వగా నేను వినడం అదే మొదలు. నా కళ్ళు దాని మీంచి కదల్లేదు.

"పదకొండు" అన్నాను.

"పదకొండు" అన్నాడు ఆయన, పాప బరువుకి వంగి.

గువ్వ నా దగ్గరకి వచ్చింది. వెనక్కి చూసి మొహం మారిపోయి, నా రెయిన్‌కోటు అంచు పట్టుకుని లాగింది.

"పద పద, వానొస్తోంది."

మళ్ళీ లాగింది, ఈసారి గట్టిగా. నేను దాని చెయ్యి పట్టుకుని పైకి నడిపించుకుపోయాను.

బండ మీద సర్వేయరమ్మ వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

"పది" అంది.

గువ్వ నా చేతిలోంచి చెయ్యి లాక్కుని, సర్వేయరమ్మ ముందుకెళ్ళి, అరచేతిని నడుము దగ్గర అడ్డంగా పట్టింది. తర్వాత రెండు చేతుల్తో డబ్బా ఆకారం చూపించి, వాగు వైపు వేలు చూపించింది.

ఎవరూ కేక పెట్టలేదు. పెట్టనివ్వలేదు ఆవిడ. "అందరూ కూర్చోండి. కళ్ళు మూసుకోండి. చెవులు మాత్రం పనిచెయ్యాలి" అంది. ఈల ఊదింది. ఆగింది. వాగు హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఊదింది. మూడోసారి ఊదాక, కిందనుంచి సన్నగా, తెగిపోతున్నట్టు, ఇంకో ఈల వినిపించింది.

పోస్ట్‌మ్యాన్ అప్పటికే పాపని దించి తాడు భుజాన వేసుకున్నాడు. నేనూ అటు పరిగెత్తబోయాను.

"మీరు ఇక్కడే ఉండండి" అంది సర్వేయరమ్మ. "ఈ పదిమందినీ చూడండి. పదిమందినీ."

బండ అంచు నుంచి కనిపించింది. వాగు మధ్యలో ఒక రాయి, దాని మీద ఎర్ర రెయిన్‌కోటు. రెండు చేతులా డబ్బాని గుండెకి అదుముకుని, నోట్లో ఈల పెట్టుకుని నిలబడి ఉంది బుడంకాయ. పొద్దునైతే ఆ రాయి దాకా తడవకుండా నడిచి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు రాయికి రెండు వైపులా నీళ్ళే. పోస్ట్‌మ్యాన్ తాడు ఒక కొస చెట్టుకి కట్టి, రెండోది నడుముకి కట్టుకుని దిగాడు. నడుము లోతు. ఒకసారి మునిగాడు. సర్వేయరమ్మ తాడు బిగబట్టింది. లేచాడు. పిల్లని భుజానికెత్తుకుని తిరిగొస్తుంటే కొట్టుకొచ్చిన దుంగ ఒకటి ఆయన ఎడమ భుజానికి తగిలింది. ఆ చెయ్యి వేలాడిపోయింది. పిల్లని మాత్రం వదల్లేదు.

అంతా కలిపి ఐదారు నిమిషాలు అయి ఉంటుంది. పైకి తెచ్చాక బుడంకాయ అన్న మొదటి మాట, "నత్తలన్నీ ఉన్నాయి." ఆ తర్వాతే దానికి వణుకు మొదలైంది.

సర్వేయరమ్మ చెప్పినట్టే గువ్వ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుంటే కాస్త అవతలికి జరిగింది.

*

మర్నాడు మధ్యాహ్నం వడ్రంగి గారి షెడ్డులో అందరూ కలిశారు. సగం చేసిన కుర్చీలు, రంపపు పొట్టు, జిగురు వాసన. ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నారు. మా ఆయన డిపోలో పర్మిషన్ పెట్టి వచ్చారు. అత్తయ్య కూడా వచ్చింది, "ఈ భాగోతం ఎలా ముగుస్తుందో కళ్ళారా చూస్తాను" అని. చేతిసంచిలో బడి దరఖాస్తు ఉంది. గువ్వ ఆవిడని ఆనుకుని కూర్చుంది. మిగతా పిల్లలు బయట చెక్క ముక్కలతో ఆడుతున్నారు.

వడ్రంగి గారి భార్య లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ గొంతు వణకలేదు.

"నాకు ఒక్కటే తెలియాలి. నా పిల్ల వాగులో ఉండగా పదకొండు అని ఎవరన్నారు?"

పోస్ట్‌మ్యాన్ లేచాడు. భుజానికి కట్టు, మెడకి వేసిన బట్టలో చెయ్యి.

"వెనక కాపలా నాదండీ. నేను మళ్ళీ లెక్కపెట్టాలి. పెట్టలేదు. తప్పు నాది" అన్నాడు. "నేనిక రాను. మా అమ్మాయినీ మాన్పిస్తాను" అన్నాడు.

చెప్పి కూర్చునే ముందు ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం కూడా లేదు.

సర్వేయరమ్మ నా వైపు తిరిగింది. "ముందు లెక్క మీది కదండీ?"

నిజం చెబితే ఏమవుతుందో లోపల గిర్రున తిరిగింది. గువ్వని తీసేస్తారు. అది నవ్వింది నిన్ననే. మళ్ళీ ఆ టీచరు, ఆ బల్ల. అందరూ చూస్తున్నారు.

"పదకొండే వచ్చిందండీ" అన్నాను. "లెక్క అయ్యాక... వెనక్కి వెళ్ళిందేమో మరి."

"లేదు."

ఎవరన్నారో మొదట అర్థం కాలేదు. చిన్న గొంతు, కాస్త బొంగురుగా ఉంది. గువ్వ నేల వైపు చూస్తూ మాట్లాడుతోంది.

"అమ్మ లెక్కపెట్టలేదు. నన్నే చూస్తూ పదకొండు అంది. నేను లాగాను. రెండుసార్లు లాగాను."

వడ్రంగి గారు చేతిలో తిప్పుతున్న ఉలి ఆపేశారు. అత్తయ్య చెయ్యి గువ్వ వీపు మీద ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన గొంతు అది. బయటివాళ్ళ ముందు, వాళ్ళందరూ వినేలా.

ఎవరూ పండగ చెయ్యలేదు. సర్వేయరమ్మ మిగతా ఏ పిల్లనడిగినా ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

"ఎక్కడ లాగావు?"

"నున్నరాళ్ళ దగ్గర."

"అప్పటికే బుడంకాయ లేదా?"

"లేదు. డబ్బా కోసం వెనక్కి వెళ్ళింది, వచ్చేస్తుందనుకున్నాను. నేను చూశాను." కాలితో రంపపు పొట్టు పక్కకి నెట్టింది. "వెళ్ళొద్దని చెప్పలేకపోయాను."

వడ్రంగి గారి భార్య గబుక్కున వచ్చి గువ్వ ముందు నేల మీద, ఆ పొట్టులోనే కూర్చుంది. దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది, అంతే.

"అవును" అన్నాను నేను. నాకు నా గొంతు వినపడ్డం లేదు. ఇంకోసారి అన్నాను. "అవునండీ. నేను లెక్కపెట్టలేదు. ఇప్పుడు అబద్ధం చెప్పాను."

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. గోడ పక్కన చెక్కల దొంతర మీద మేం నలుగురం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. లోపల వడ్రంగి గారి గొంతు ఒకసారి పెరిగింది. ఆ వెంటనే ఆయన భార్య గొంతు వినిపించింది, "పిల్లేం చేసిందండీ?" అని.

సర్వేయరమ్మ బయటికి వచ్చింది. "మీ పాప రావచ్చు. పోస్ట్‌మ్యాన్ గారూ ఉంటున్నారు, ఆయన్ని పోనివ్వం. మీరు మాత్రం వానలు వెలిసేదాకా అడవిలోకి రావద్దు. రోడ్డు దాకా రండి, అక్కడ ఆగిపోండి."

నేను తలూపాను.

"కానీ ప్రతి కుటుంబం తన వంతు చెయ్యాల్సిందే. మీ ఇంట్లోంచి ఎవరొస్తారు?"

మా ఆయన డిపో, షిఫ్టులు, సెలవుల జాబితా అంటూ నీళ్ళు నమిలారు.

"నేనొస్తాను" అంది అత్తయ్య.

"అమ్మా, నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. రోజుకి నాలుగొందల మందిని లెక్కపెట్టి ఇళ్ళకి పంపించినదాన్ని" అంది, నా వైపు చూడకుండా. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

*

ఆ సాయంత్రమే పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు స్టూలు మీద కూర్చుని తండ్రి చొక్కాకి గుండీ కుడుతోంది. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"క్షమించండి" అన్నాను.

"నేనూ లెక్కపెట్టలేదు కదండీ. అది నిజమే కదా."

"నేను పెట్టలేదని మీకు తెలుసు."

"మిమ్మల్ని అడిగినప్పుడు పైకి చూశాను. మీ చూపు మీ అమ్మాయి మీదే ఉంది."

"మరి అక్కడెందుకు చెప్పలేదు?"

ఆయన కట్టు సర్దుకున్నాడు. "మీరు చెప్తారని చూశానండీ" అన్నాడు.

మంచినీళ్ళు ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

గువ్వ నాతో మాట్లాడ్డం మానలేదు. అలా మానినా బాగుండునేమో. మామూలుగానే ఉంది, కాకపోతే నానమ్మ పక్కన పడుకుంది. మర్నాడు పొద్దున బూట్లు వేసుకుంటూ అడిగింది.

"నువ్వు రావా?"

"రోడ్డు దాకా వస్తాను."

"అక్కడే ఉంటావా?"

"ల్యాబుకి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ వస్తాను."

"ఏడుస్తావా?"

"ఏమో."

రెండో బూటు కాలికి తొడుక్కుంది. "ఏడుపొస్తే ఏడువు. నేను సాయంత్రానికి వచ్చేస్తాగా" అంది.

అత్తయ్య అప్పటికే మా ఆయన పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని, గొడుగు కర్రలా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "తల్లీకూతుళ్ళ సంప్రదింపులు అయ్యాయా? బస్సు వెళ్ళిపోతుంది" అంది.

ఆ వానాకాలంలో మిగిలిన రోజుల్ని నేను అత్తయ్య మాటల్లోనే విన్నాను. ఆవిడ వారానికి ఒక రోజు అనుకుని మొదలుపెట్టి రెండు రోజులు వెళ్ళసాగింది. "ఏం చదువో ఏమో" అని సణుగుతూనే వచ్చి, పాదాలు వేడినీళ్ళలో పెట్టుకుని, ఏ పిల్ల ఏం చేసిందో అంతా చెప్పేది. గువ్వ నోరు ఒక్కసారిగా తెరుచుకోలేదు. కొన్ని రోజులు అసలు మాటే ఉండేది కాదట. సర్వేయరమ్మ కర్ర దగ్గర నిలబడి "ఎంత?" అంటే మాత్రం "మూడు" అనో "మూడున్నర" అనో చెప్పేదట. కొన్నాళ్ళు అడవిలో దాని మాటలన్నీ అంకెలే.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక రోజు అత్తయ్య చెప్పకుండా బయటికి వెళ్ళి వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

"బడికి వెళ్ళొచ్చాను. సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను. ఈ ఏడాదికి."

"అలాగే అత్తయ్యా."

"నేనూ నిలబెట్టాను" అంది ఉన్నట్టుండి. "బల్లల మీద. పిల్లల్ని. అప్పుడు అందరం అదే చేసేవాళ్ళం." కళ్ళజోడు పెట్టుకుంది. "ఒక పిల్లాడుండేవాడు, ఎంత అడిగినా నోరు విప్పేవాడు కాదు. వాడి మొహం గుర్తొస్తోంది. పేరు గుర్తురావట్లేదు."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

వడ్రంగి గారి భార్య మాత్రం నాతో మాట్లాడలేదు. సాయంత్రాలు పిల్లల కోసం రోడ్డు మలుపు దగ్గర అందరం ఎదురుచూసేవాళ్ళం. రాతి గట్టు మీద ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. నేను వస్తే ఆవిడ మొహం తిప్పుకునేది. తప్పనిపించలేదు నాకు. ఆవిడ స్థానంలో నేనుంటే గట్టు మీద కూడా కూర్చోనిచ్చేదాన్ని కాదు.

ఆ వానాకాలానికి ఆఖరి రోజున ఆకాశం తెల్లగా విచ్చుకుంది. ఆకుల మీంచి మాత్రమే నీళ్ళు కారుతున్నాయి. ల్యాబు నుంచి త్వరగా బయల్దేరి నేను ముందే వచ్చి కూర్చున్నాను. వడ్రంగి గారి భార్య వచ్చింది. కూర్చుంది. చాలాసేపటికి, కాలిబాట వైపే చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"మీ అత్తగారు మా పిల్లని చెట్టెక్కనివ్వడం లేదట. రోజూ ఇంటికొచ్చి ఒకటే ఫిర్యాదు."

నేను తల తిప్పి చూశాను. ఆవిడ ఇంకా కాలిబాట వైపే చూస్తోంది.

"చెప్తాను" అన్నాను.

"చెబితే వింటారా?"

"వినరు."

ఆవిడ పెదవి కొస కదిలింది. నవ్వో కాదో తెలీదు. చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని, గట్టు మీద తడి లేనివైపు నాకు కాస్త చోటిచ్చింది. జరిగి కూర్చున్నాను. పిల్లలు ఇంకా రాలేదు. చెట్ల వెనకనుంచి గొంతులు మాత్రం వినిపిస్తున్నాయి, ఏది ఎవరిదో తెలియనంతగా కలిసిపోయి.